కుక్క గుండెలో పురుగు: బయటపడక ముందే అడ్డుకోవాలి

మనుషుల ఆసుపత్రి పుస్తకంలో కుక్కల జబ్బు గురించి ఎందుకని మీరు అడగవచ్చు. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్ళలో బత్తాయి తోటకు కాపలా ఉన్నా, గొర్రెల మంద వెంట తిరిగినా, ఇంటి అరుగు మీద పడుకున్నా కుక్క ఇంటి మనిషిలాగే ఉంటుంది. వార్డులో మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఫోను చేసి బర్రెకు నీళ్ళు పెట్టారా, కుక్కకు అన్నం వేశారా అని అడగడం మామూలు సంగతే. పశువుల ప్రాణాన్ని పట్టించుకునేవాడిని బైబిలులోని సామెతల గ్రంథం 12వ అధ్యాయం నీతిమంతుల్లో లెక్కిస్తుంది. ఇది ఒక కారణం.

రెండో కారణం ఇంకా దగ్గరిది. కుక్క గుండెలో చేరే పురుగు, మన నల్గొండ జిల్లాలో మనుషులకు బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దాయాదుల్లాంటివి. రెండింటినీ మోసుకొచ్చేది దోమే. రెండూ ఒంట్లో చేరిన చాలా కాలానికి గాని బయటపడవు. రెండింటినీ సులువుగా ఆపగలిగేది కూడా ఏ లక్షణమూ కనబడని రోజుల్లోనే. ఫ్లోరైడు నీళ్ళ సంగతి తెలిసిన మర్రిగూడ వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నీళ్ళు తాగిన రోజున ఎవరికీ ఏమీ కాలేదు. నడుము వంగిన తరువాత ఏ మందూ దాన్ని నిటారుగా చేయలేదు.

పురుగు ఎలా చేరుతుంది?

ఈ పురుగు శాస్త్రీయ నామం డైరోఫైలేరియా ఇమ్మిటిస్. మామూలుగా గుండె పురుగు అంటే సరిపోతుంది. జబ్బు ఉన్న కుక్క రక్తంలో కంటికి కనబడనంత చిన్న పిల్ల పురుగులు వేల సంఖ్యలో ఈదుతూ ఉంటాయి. దోమ ఆ కుక్కను కుట్టినప్పుడు రక్తంతో పాటు అవీ దాని కడుపులోకి వెళతాయి. అక్కడ వెంటనే పెద్దవి కావు. సుమారు 27 డిగ్రీల వేడిలో 10 నుంచి 14 రోజుల పాటు దోమ ఒంట్లోనే పెరిగి, ఆ తరువాత దాని మూతి దగ్గరకు చేరుకుంటాయి. ఆ దోమ మరో కుక్కను కుడితే, కుట్టిన చోటు నుంచి లోపలికి దూరతాయి. బాగా చల్లగా ఉండే దేశాల్లో చలికాలం అంతా ఈ పెరుగుదల ఆగిపోతుంది. మనకు అలాంటి సెలవు నెలలు లేవు. డిసెంబరులో రాత్రి చలి వేసినా పగలు ఎండ కాస్తూనే ఉంటుంది.

కుక్క ఒంట్లో చేరాక మొదటి రెండు నెలలు పురుగు చర్మం కింద, కండల్లో తిరుగుతుంది. తరువాత రక్తనాళాల్లోకి దిగి గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య ఉన్న పెద్ద నాళాల్లో స్థిరపడుతుంది. కుట్టిన నాటి నుంచి ఆరు, ఏడు నెలలకు అక్కడే పిల్లలు పెట్టడం మొదలవుతుంది. ఆడ పురుగు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అంటే బడి పిల్లల స్కేలు అంత పొడవు, సేమియా అంత సన్నం. ఒక్కో పురుగు కుక్కలో 5 నుంచి 7 ఏళ్ళు బతుకుతుంది. ఈలోగా కొత్త దోమలు కుడుతూనే ఉంటాయి కనుక లెక్క పెరుగుతూ పోతుంది.

ఒక కుక్క నాకినా, కరిచినా, ఒకే గిన్నెలో తిన్నా ఇంకో కుక్కకు ఈ పురుగు రాదు. మధ్యలో దోమ ఉండి తీరాలి.

ఎప్పుడు తెలుస్తుంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదట్లో ఏమీ తెలియదు. కుక్క తింటుంది, మొరుగుతుంది, పరుగెత్తుతుంది. కొంత కాలానికి పొడి దగ్గు మొదలవుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకుంటాం. మునుపు తోట చుట్టూ పది సార్లు తిరిగేది రెండు సార్లకే నాలుక వేలాడేసి కూర్చుంటుంది. వయసు మీద పడిందిలే అనుకుంటాం. తిన్నా ఒళ్ళు పట్టదు. బాగా ముదిరితే పొట్టలో నీరు చేరి ఉబ్బుతుంది, ఒక్కోసారి పరుగులో ఉండగానే కళ్ళు తిరిగి పడిపోతుంది. అప్పటికి గుండె కుడి వైపు దెబ్బ తిని ఉంటుంది.

దగ్గే ప్రతి కుక్కకూ ఈ జబ్బు ఉందని కాదు. మన ప్రాంతంలో కుక్కలు నీరసపడటానికి పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు చాలా సార్లు కారణమవుతాయి. ఏది ఏమిటన్నది పశువైద్యుడు రక్తం చూసి తేల్చవలసిందే. తాజా రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే పిల్ల పురుగులు పాముల్లా మెలికలు తిరుగుతూ కనబడవచ్చు. అయితే అలా కనబడేవన్నీ గుండె పురుగులు కావు. వేరే రకం పురుగుల పిల్లలూ ఉంటాయి. గుండె పురుగును గుర్తించడానికి ప్రత్యేకంగా యాంటీజెన్ పరీక్ష ఉంది. పురుగు చేరి ఆరు నెలలైనా కాకపోతే ఆ పరీక్షలో కూడా పడకపోవచ్చు.

వైద్యం ఎందుకు కష్టం?

మందు ఉంది. మెలార్సోమిన్ అనే సూది మందు, ఆర్సెనిక్‌తో చేసినది. నడుము కండల్లోకి లోతుగా వేస్తారు. దానికి ముందు డాక్సీసైక్లిన్ మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. పురుగు ఒంట్లోనే నివసించే ఒక బాక్టీరియాను చంపి పురుగును బలహీనపరచడానికి అది. సూదులు పడ్డాక పురుగులు చస్తాయి, సరే. చచ్చిన పురుగు ఎక్కడికి పోవాలి? ముక్కలై రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాల్లో అడ్డుపడుతుంది. ఆ రోజుల్లో కుక్క పరుగెత్తితే ప్రాణానికే ముప్పు. అందుకే నెలల తరబడి దాన్ని కట్టేసి ఉంచాలి. తోట కాపలా కుక్కను అన్ని నెలలు కదలకుండా ఉంచడం ఎంత కష్టమో పెంచేవారికే తెలుసు. ఖర్చు సంగతి వేరే. ఈ సూది మందు అన్ని ఊళ్ళలో దొరికేది కూడా కాదు.

పిల్లులకూ ఈ పురుగు సోకుతుంది, కానీ తక్కువ. వాటిలో ఒకటి రెండు పురుగులే ఉంటాయి, అవే ప్రాణం తీయగలవు. పిల్లులకు ఆ సూది మందు పనికిరాదు.

నివారణ మాత్ర విషయం దీనికి పూర్తిగా వేరు. నెలకు ఒకసారి ఇచ్చే మాత్ర, లేదా మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కలు. ఐవర్‌మెక్టిన్, మిల్బెమైసిన్, సెలమెక్టిన్, మాక్సిడెక్టిన్ అనే మందుల్లో ఏదో ఒకటి వాటిలో ఉంటుంది. ఇవి ఎలా పని చేస్తాయో తెలుసుకుంటే తేదీ ఎందుకు తప్పకూడదో అర్థమవుతుంది. ఈ మాత్ర రాబోయే నెలలో దోమ కుట్టకుండా ఆపదు. గడిచిన నెలలో దోమ లోపలికి పంపిన పిల్ల పురుగులను చంపుతుంది. అవి రెండు నెలలు దాటి ముదిరితే ఆ కొద్దిపాటి మందుకు లొంగవు. అందుకే ఒక నెల ఇచ్చి మూడు నెలలు మరిచిపోతే ఇచ్చిన ప్రయోజనం పోతుంది. నెలలో మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే ఇవ్వడం అలవాటు చేసుకుంటే మరుపు ఉండదు.

మన తెలుగువాడి మందు

ఈ జబ్బుల కథలో భీమవరంలో పుట్టిన ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు వస్తుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల్లో అమెరికా వెళ్ళి, తరువాత లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ ఆయన బృందం వెలికితీసిన మందుల్లో డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందునే మనం ఇప్పుడు డి.ఇ.సి. మాత్ర అంటున్నాం. ఆశా కార్యకర్త మీ గడపలో నిలబడి "ఇక్కడే మింగండి" అని ఇచ్చే బోదకాలు మాత్ర అదే.

1947లో ఆ మందు ఫలితాలను ప్రచురించినప్పుడు, సహజంగా ఫైలేరియా పురుగులు సోకిన పత్తి ఎలుకల మీద, కుక్కల మీద చేసిన పరీక్షలు అందులో ఉన్నాయి. అంటే మనుషుల బోదకాలు మందు నిగ్గు తేలడంలో కుక్కలకూ పాలు ఉంది. ఆ తరువాత అమెరికాలో చాలా ఏళ్ళపాటు కుక్కలకు గుండె పురుగు రాకుండా ఇదే డి.ఇ.సి.ని రోజూ ఇచ్చేవారు. ఒకటి రెండు రోజులు తప్పినా లాభం ఉండేది కాదు. 1987లో నెలకు ఒక్క మాత్ర చాలే ఐవర్‌మెక్టిన్ అక్కడ అందుబాటులోకి వచ్చింది. ఐవర్‌మెక్టిన్‌ను కనుగొన్న విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. సుబ్బారావు గారు 1948లోనే, ఏభై మూడేళ్ళ వయసులో కన్నుమూశారు. తన మందును ఇన్ని కోట్ల మంది మింగడం ఆయన చూడలేదు.

చేయకూడని రెండు పనులు

పై సంగతి చదివాక కొందరికి ఒక ఆలోచన రావచ్చు. బోదకాలు కార్యక్రమంలో ఇచ్చిన డి.ఇ.సి. మాత్రలు మింగకుండా డబ్బాలో పడి ఉన్నాయి, కుక్కకు పెడితే పోతుంది కదా అని. ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయకండి. రక్తంలో గుండె పురుగు పిల్లలు ఉన్న కుక్కకు డి.ఇ.సి. ఇస్తే అవన్నీ ఒక్కసారిగా చచ్చి, కుక్క కొద్ది సేపట్లోనే షాక్‌లోకి వెళ్ళి చనిపోవచ్చు. ఆ మాత్ర మీ కోసం ఇచ్చినది. కార్యకర్త ఎదుటే, అన్నం తిన్నాక మీరే మింగండి.

రెండోది గొర్రెల మందు. మందలు ఉన్న ఇళ్ళలో ఐవర్‌మెక్టిన్ సూది మందు సీసా ఉంటుంది. గజ్జికనో పిడుదులకనో గొర్రెకు వేసిన చేత్తోనే కుక్కకూ ఒక సూది వేసేవారున్నారు. లెక్క చూడండి. ఆ సీసాలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 25 కిలోల గొర్రెకు అర మిల్లీలీటరు వేస్తారు. గుండె పురుగు రాకుండా కుక్కకు కావలసింది కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. 15 కిలోల కుక్కకు మొత్తం 90 మైక్రోగ్రాములు, అంటే ఆ సీసాలోని మందులో ఒక మిల్లీలీటరుకు నూరో వంతు కూడా కాదు. ఏ సిరంజితోనూ అంత కొంచెం కొలవలేం. కిలో లెక్కన గొర్రె మోతాదు దీనికి ముప్పై రెట్లకు పైనే. కొన్ని జాతుల కుక్కలు, ముఖ్యంగా కోలీ వంటి విదేశీ గొర్రెల కాపరి జాతులు, పెద్ద మోతాదుల్లో ఈ మందును తట్టుకోలేవు. చొంగ కారి, తూలి, చూపు మందగించి, స్పృహ తప్పుతాయి. గజ్జికి వైద్యుడు ఈ మందు రాస్తే ఆయన చూపులో వాడటం వేరు, మన అంచనాతో పొడవడం వేరు.

మన దగ్గర ఎంత ఉంది?

భయపెట్టడం మా ఉద్దేశం కాదు. మన దేశంలో గుండె పురుగు ఎక్కువగా నమోదైనది అస్సాం, మిజోరం వంటి ఈశాన్య రాష్ట్రాల్లో. కేరళ వంటి దక్షిణాది ప్రాంతాల్లో కుక్కల్లో ఎక్కువగా కనబడేది దీని తోబుట్టువు డైరోఫైలేరియా రెపెన్స్. అది గుండెలోకి వెళ్ళదు, చర్మం కింద ఉంటుంది. కుక్కకు అంత హాని చేయదు. కనుక మన ఊళ్ళో ప్రతి కుక్కకూ వెంటనే నెలనెలా మాత్ర మొదలు పెట్టాలని మేము చెప్పం. మీ కుక్కను ఈశాన్య ప్రాంతం నుంచి తెచ్చినా, అక్కడికి తీసుకెళ్ళినా, పైన చెప్పిన దగ్గు, ఆయాసం ఉన్నా రక్త పరీక్ష అడగండి. మాత్ర అవసరమా అన్నది పశువైద్యుడితో మాట్లాడి తేల్చుకోండి. పొట్టలోని నులిపురుగులకు, గుండె పురుగుకు కలిపి పని చేసే మాత్రలు కూడా ఉన్నాయి. నులిపురుగుల మందు ఎలాగూ ఇవ్వవలసిందే కనుక, కుదిరితే అలాంటిది అడగడం తెలివైన పని.

డబ్బు ఒక్కదానికే సరిపోతే ఏది చేయించాలి? ఆలోచించకుండా రేబిస్ టీకా వేయించండి. గుండె పురుగు కుక్కను చంపవచ్చు. రేబిస్ కుక్కనూ చంపుతుంది, అది కరిచిన పిల్లవాడినీ చంపుతుంది. లక్షణాలు మొదలైన తరువాత దాదాపు ఎవరూ బతకరు. జూలై 6న, జంతువుల నుంచి సోకే వ్యాధుల దినం సందర్భంగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం ఉంది. ఆ తేదీ గుర్తు పెట్టుకోండి. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా నీళ్ళు పోస్తూ కడిగి అదే రోజు ఆసుపత్రికి రండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.

మనుషులకు అంటుకుంటుందా?

ఇంట్లో కుక్కకు ఫైలేరియా పురుగు ఉందని వింటే మొదట అడిగేది ఇదే. కుక్క వల్ల బోదకాలు వస్తుందా? రాదు. మన ప్రాంతంలో బోదకాలు తెచ్చే వుకరేరియా బాంక్రాఫ్టి పురుగు మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికే వెళుతుంది. దానికి కుక్కలో ఇల్లు లేదు. కాలు వాచిన మనిషి ఇంట్లో ఉన్నారని కుక్కను తరిమేయనక్కరలేదు. ఆ మనిషిని ముట్టుకోవడానికి వెనుకాడే పని అంతకన్నా లేదు.

అయితే కుక్కను కుట్టిన దోమ మనల్ని కుడితే, కుక్క పురుగు పిల్ల అరుదుగా మన ఒంట్లోకి దారి తప్పి రావచ్చు. చాలా మటుకు అక్కడే చచ్చిపోతుంది. గుండె పురుగు పిల్ల ఊపిరితిత్తిలో చచ్చి ఎక్స్‌రేలో నాణెం లాంటి మచ్చగా కనబడి, క్యాన్సరేమోనని కంగారు పెట్టిన సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి. రెపెన్స్ పురుగు కంటి తెల్లగుడ్డు పొర కింద కదులుతూ కనబడిన రోగులు కేరళలో ఉన్నారు. కంటి వైద్యుడు చిన్న ఆపరేషనుతో దాన్ని తీసేస్తారు, చూపుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మీలో ఎవరికైనా కంట్లో దారం లాంటిది కదిలినట్టు ఉంటే నలపకండి, నాటు చుక్కలు వేయకండి, వచ్చి చూపించండి. ఇంట్లో కుక్క ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పండి.

దోమ పుట్టే చోటు

దోమ వల్లే జబ్బు వస్తుందని తేలడానికి చాలా కాలం పట్టింది. ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1870ల చివర్లో చైనాలో చూశారు. మలేరియా క్రిమిని దోమలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో చూసింది మన సికింద్రాబాదులోనే. గుండె పురుగుకు దోమతో ఉన్న సంబంధం 1900 ప్రాంతంలో ఇటలీలో రుజువైంది.

బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురికి నీటిలో పుడుతుంది. మరుగు కాలువ, మూత లేని సెప్టిక్ ట్యాంకు, గాలి గొట్టానికి జాలీ లేని మరుగుదొడ్డి దానికి పుట్టిళ్ళు. గుండె పురుగుకు అంత పట్టింపు లేదు. క్యూలెక్స్, ఏడిస్, అనాఫిలిస్, ఏ జాతి దోమలోనైనా అది పెరగగలదు. కనుక మంచి నీటి తొట్లూ లెక్కలోకి వస్తాయి. నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని తిరిగిన మర్రిగూడ ఇళ్ళలో డ్రమ్ములు, తొట్లు నింపి ఉంచుకోవడం ఇప్పటికీ పోని అలవాటు. నీళ్ళు నిలువ ఉంచుకోవడం తప్పేమీ కాదు. వారానికి ఒక రోజు పూర్తిగా ఒంపేసి, లోపలి గోడలు రుద్ది, ఆరబెట్టి మళ్ళీ నింపండి, పైన గుడ్డ కట్టండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుకనే వారం లెక్క. కుడితి గోలెం వెనుక, బోరు మోటారు పక్కన, పాత టైరులో, పగిలిన కుండలో నిలిచిన నీళ్ళు కూడా చూడండి. కుక్క నీళ్ళ చిప్పను రోజూ కడిగి మార్చండి. చాలా ఇళ్ళలో మరిచిపోయేది అదే.

దోమలు ఎక్కువగా కుట్టేది పొద్దుగూకిన తరువాత. ఆ వేళ కుక్కను మరుగు కాలువ పక్కన కట్టకండి. వీలైతే గాలి ఆడే చోట, దోమతెర ఉన్న గదిలోనో వసారాలోనో పడుకోబెట్టండి. మనుషులకు రాసుకునే దోమల మందులు కుక్కకు పూయవద్దు, అది నాకి కడుపులోకి పంపుకుంటుంది. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి మీద పడితే పిల్లి చచ్చిపోగలదు. రెండూ ఉన్న ఇంట్లో ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి.

మీ ఇంటి మాత్ర సంగతి కూడా

నల్గొండ ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఒకటి. 2004 నుంచి దేశంలో ఇలాంటి జిల్లాల్లో ఇంటింటికీ మాత్రలు మింగించే కార్యక్రమం నడిచింది. 2027 నాటికి దేశంలో ఈ వ్యాధిని లేకుండా చేయాలన్నది లక్ష్యం. మాత్ర ఇవ్వడానికి వచ్చినప్పుడు "నాకేమీ లేదు, నాకెందుకు" అనే మాట ప్రతి వీధిలో వినబడుతుంది. రక్తంలో పిల్ల పురుగులు ఉన్నవాళ్ళలో చాలా మందికి ఏ బాధా ఉండదు. వాళ్ళను కుట్టిన దోమే పక్కింటి పిల్లకు పురుగును చేరవేస్తుంది. మాత్ర పని చేసేది ఆ బాధ లేని మనిషి రక్తంలోనే. కాలు ఏనుగు కాలులా వాచాక మాత్ర ఆ వాపును తీయలేదు. అప్పుడు రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు ఆరేలా తుడిచి, పుండ్లు పడకుండా చూసుకోవడమే వైద్యంలో పెద్ద భాగం. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఆ మాత్రలు ఇవ్వరు. మీ రోగి ప్రస్తుతం వార్డులో ఉంటే డాక్టరును అడిగిన తరువాతే మింగించండి. మాత్ర మింగాక కొద్దిగా జ్వరం, తలనొప్పి వస్తే కంగారు పడకండి, లోపలి పురుగులు చస్తున్నప్పుడు అలా అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే వచ్చి చూపించండి.

కుక్క విషయానికి వస్తే, ఏడు నెలల లోపు కూనకు పరీక్ష లేకుండానే నివారణ మాత్ర మొదలు పెట్టవచ్చు. అంతకన్నా పెద్దదైతే ముందు రక్త పరీక్ష, తరువాతే మాత్ర. పశువైద్యశాలకు తీసుకెళ్ళే రోజు దాని బరువు చూసి రాసుకోండి, మోతాదు బరువును బట్టే ఉంటుంది. ఇంట్లో తూకం యంత్రం మీద ముందు మీరొక్కరే నిలబడి, తరువాత కుక్కను ఎత్తుకుని నిలబడి తేడా చూస్తే చాలు. ఇంతకు ముందు ఏ సూది వేయించారో, ఏ మాత్ర ఇచ్చారో కాగితం ఉంటే వెంట తీసుకెళ్ళండి. గొర్రెల మందు వేసి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి.